అత్తయ్య రాతి స్టాండు

మొన్న బ్యాంకులో నా సంతకం కుదరలేదు.

మూడుసార్లు పెట్టాను. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. కౌంటరులో కూర్చున్న అమ్మాయి కంప్యూటరులో ఉన్న నా పాత సంతకాన్నీ, నేను అప్పుడే పెట్టినదాన్నీ మార్చి మార్చి చూసి, చాలా మర్యాదగా, "పోనీ వేలిముద్ర వేస్తారా మేడమ్?" అంది. ముప్పై ఏళ్ళుగా నరసరావుపేటలో పిల్లలచేత దస్తూరీ దిద్దిస్తున్న మనిషిని నేను. ఆ పిల్ల ఇంకు డబ్బా నా వైపు జరిపేసరికి ఒళ్ళు మండిపోయింది. "రేపొస్తాను" అని లేచి వచ్చేశాను.

నిజానికి కోపం ఆ పిల్ల మీద కాదు. ఏడాదిగా నా చేతులు వణుకుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. బోర్డు మీద అక్షరాలు పెద్దవి చేశాను, వెనక బెంచీలకు కనపడాలని అన్నాను. స్టాఫ్ రూములో టీ సగం కప్పే పోయించుకుంటున్నాను, షుగరు వస్తుందేమోనని భయం అన్నాను. అందరూ నమ్మారు. ఇంటికొచ్చి సంచీ కుర్చీలో పడేసి కూర్చున్నాక తట్టింది, ఈ సగం టీ ఉపాయం నేను కనిపెట్టింది కాదని. నలభై ఏళ్ళ కిందట మాచర్లలో మా మేనత్త దగ్గర చూసిందే.

మాచర్ల స్టేషనుకు పోయే దారిలో అత్తయ్యకు బండల కొట్టు ఉండేది. కొట్టంటే గుమ్మం, గల్లాపెట్టె లాంటివేమీ లేవు. ఒక రేకుల షెడ్డు, చుట్టూ రాతిగోడ, ఆ గోడకు ఆనించి వరసలు వరసలుగా నాపబండలు. మామయ్య పోయాక ఆవిడే నడిపేది. పిల్లల్లేరు. మరిది ఒకాయన ఉండేవాడు, లారీ ఉంది ఆయనకు, బండలు తోలుతుండేవాడు. ఆడమనిషి ఎన్నాళ్ళు నడుపుతుందిలే అని ఆయనా, చుట్టాలూ అనుకుంటూనే ఉన్నారు. వాళ్ళు అనుకుంటూ ఉండగానే ఏడెనిమిదేళ్ళు గడిచిపోయాయి.

పొద్దున్నే ఆవిడ చేసే మొదటి పని బండలను పలకరించడం. వేలి కణుపుతో ఒక్కోదాన్నీ కొట్టి, చెవి ఆనించి వినేది. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పొర ఉన్నది బొంగురుగా పలుకుతుంది. అలా పలికినదాన్ని "దీనికి జలుబు చేసింది" అని పక్కన పెట్టించేది. కొనడానికి వచ్చినవాళ్ళు ఎంత బతిమాలినా జలుబు చేసిన బండను ఇంటి నడిమధ్యకు ఇచ్చేది కాదు. "దొడ్లో ఏసుకుంటానంటే చెప్పు, ఊరికే తీసకపో" అనేది.

బండలను ఎప్పుడూ పడుకోబెట్టనిచ్చేది కాదు. లారీ దించే ముఠావాళ్ళు అలవాటు తప్పి ఒకదాన్ని నేల మీద పరిస్తే ఇక వాళ్ళ పని అయిపోయినట్టే.

"ఒరేయ్, పడుకోబెడితే దాని నడుం ఇరుగుద్దిరా! నిటారుగా పెడితే పడుద్ది. ఆనించండ్రా, ఆనించండి. మీ అమ్మ నిన్ను సంకలో ఎట్టా ఏసుకుందో అట్టా."

ముఠావాళ్ళు నవ్వుకుంటూ ఆనించేవారు. ఆ వాలు ఆవిడ కంటితోనే చూసి చెప్పేది. ఒక వేలెడు అటూ ఇటూ అయితే ఊరుకునేది కాదు.

చేతులు మాత్రం ఖాళీగా ఎప్పుడూ కనపడేవి కావు. ఎండలో వచ్చినవాళ్ళకు బండ రంగు తెలియాలని బక్కెట్లో చేతులు ముంచి నీళ్ళు చల్లుతూ ఉండేది, లేకపోతే రెండు చేతులూ చంకల్లో దోపుకుని నిలబడేది. కోపం వస్తే నడుం మీద పెట్టుకునేది. ఎవరికైనా నమస్కారం పెట్టాలన్నా తలే ఊపేది. పొగరని కొందరు అనుకునేవారు. పొగరు కూడా ఉందనుకోండి, అది వేరే సంగతి.

టీ కొట్టు నుంచి కుర్రాడు టీ తెస్తే, "సగమే పొయ్యి, నాకు ఏడి పడదు" అనేది. కాగితాల మీద వేలిముద్ర వేసేది. "నాకేం సదువమ్మా, నేను నిశానీని" అనేది. ఒకరోజు శనగల పొట్లం విప్పి, ఆ కాగితాన్ని ఇటు చివరనుంచి అటు చివరదాకా చదవడం నేను చూశాను.

"అదేందత్తా, నీకు చదువొచ్చా?"

"సదవటం వచ్చు. రాయటం రాదు."

"చదవటం వచ్చి రాయటం రాకపోవటం ఏంది?"

"నోరొచ్చి చెవులు రానోళ్ళు లేరా మీ ఇంట్లో? మీ నాన్న లేడూ?"

మా నాన్నను తిడితే నాకు నవ్వొచ్చేది. ఆ నవ్వులో అడిగిన సంగతి మరిచిపోయేదాన్ని. ఆవిడకు కావలసిందీ అదే.

అన్నిటికంటే టేపు సంగతి చెప్పాలి. ఆ రోడ్డు పొడుగునా ఉన్న బండల కొట్లలో అమ్మేవాళ్ళే కొలుస్తారు. కొలిచేటప్పుడు వేలు కిందనుంచి టేపు అంగుళం జారించే ప్రవీణులు ఉన్నారు. అత్తయ్య మాత్రం టేపు తెచ్చి కొనేవాళ్ళ చేతిలో పెట్టేది. "మీ ఇల్లు మీరే కొలుచుకోండయ్యా. మీరెంతంటే అంత" అనేది. గురజాల, రెంటచింతల నుంచి కూడా బండ్లు కట్టుకుని ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ధర్మంగల తల్లి అని పేరు. ఆ పేరు మీదే కొట్టు నడిచింది.

నేను పదో తరగతి పరీక్షలు రాసి వేసవి సెలవులకు ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నరసరావుపేటలో పాసింజరు ఎక్కితే మాచర్లలోనే ఆఖరు, దారి తప్పే భయం లేదని ఒక్కదాన్నే పంపించారు. ఎనభైల నడిమి సంగతి. ఆ వేసవిలోనే మస్కట్‌లో పనిచేసే ఒకాయన మాచర్లలో ఇల్లు కడుతూ అత్తయ్య దగ్గర బండలు తీసుకున్నాడు. దారిలో నాలుగు పగిలితే అత్తయ్య మారుమాట లేకుండా మార్చి ఇచ్చింది. ఆ సంతోషం కొద్దీ వాళ్ళావిడ ఒకరోజు రుమాల్లో చుట్టి ఒక వస్తువు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మా వాడిది. కాలు విరిగింది. ఆడుకో అమ్మాయ్" అంది.

వీడియో గేమ్. అరచేతి కంటే కొంచెం పెద్దది. వెండి రంగు రేకు, మధ్యలో అద్దం. అద్దంలో చెట్టు మీద ఒక కోతి కాయలు విసురుతుంటుంది, కింద బుట్ట పట్టుకున్న మనిషి అటూ ఇటూ పరిగెత్తి పట్టుకోవాలి. ఎడమవైపు ఒక బొత్తాం, కుడివైపు ఒక బొత్తాం. మూడు కాయలు కింద పడితే ఆట అయిపోతుంది. ఆడనప్పుడు అందులో టైము కనపడేది. వెనక సన్నటి తీగతో కాలు ఉండేదట, బల్ల మీద గడియారంలాగా నిలబెట్టుకోవడానికి. విరిగింది అదే. నాకు ఆ కాలుతో పనేముంది, చేతుల్లో పట్టుకుని పొద్దస్తమానం ఆడేదాన్ని. మాచర్లలో అలాంటిది అంతకుముందు ఎవరూ చూసిన పాపాన పోలేదు. ముఠావాళ్ళు కూడా లారీ ఆలస్యమైతే నా భుజం మీదనుంచి తొంగి చూసేవారు.

ఒక మధ్యాహ్నం బేరాలేమీ లేవు. అత్తయ్య బండల వరస మీద కూర్చుని, "ఇటియ్యవే, ఆ కోతి ఏంజేస్తందో నేనూ సూస్తా" అంది.

ఇచ్చాను. ఆవిడ రెండు చేతుల్లో పట్టుకోగానే గేమ్ అల్లల్లాడింది. ఒకసారి నొక్కబోతే రెండుసార్లు పడింది. బుట్ట మనిషి పిచ్చిపట్టినట్టు ఉరికాడు. మూడు కాయలూ టపటపా రాలాయి.

"ఈడెవడే, తాగొచ్చాడా ఏంది? అట్టా ఊగుతన్నాడు!"

నేను పడీ పడీ నవ్వి, "వాడు కాదత్తా, నీ చేతులే ఊగుతున్నయ్" అన్నాను.

అత్తయ్య నవ్వలేదు. గేమ్ నా ఒళ్ళో పెట్టి లేచి, అప్పుడే తడిపిన బండలను మళ్ళీ తడపడం మొదలుపెట్టింది. నేను ఆ వీపు వైపు చూస్తూ కూర్చున్నాను. సగం టీ, వేలిముద్ర, చంకల్లో చేతులు, కొనేవాళ్ళ చేతికిచ్చే టేపు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. నాకు జాలి వేసి ఉండాలి. అబద్ధమెందుకు, పెద్ద రహస్యం కనిపెట్టానని గర్వంగా ఉండింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ పగిలిన బండముక్కలు ఏరి తెచ్చుకుని షెడ్డు నీడలో కూర్చుంది. ఏందత్తా అంటే, "గడియారానికి కాలు చేస్తన్నా. పడుకున్న గడియారంలో టైము ఎట్టా సూసేది?" అంది. అంతకుముందే నేను లెక్కల పుస్తకం, అగ్గిపెట్టెలు, అట్టముక్కలు అన్నీ పెట్టి చూశాను. గాలి వీస్తే పడిపోయేవి. "అట్టముక్కలంట! బండల కొట్టులో అట్టముక్కలు!" అని నన్ను ఈసడించింది.

జానెడు వెడల్పున్న మందపాటి ముక్కను అడుగుకు తీసుకుంది. దాని మీద ఇనుం కోసే బ్లేడుతో అడ్డంగా గాడి తీసింది. ఇసుకా నీళ్ళూ పోస్తూ నాలుగు రోజులు అరగదీసింది. సుత్తీ ఉలీ ముట్టుకోలేదు. ఎందుకో నాకు తెలుసు, కానీ అప్పటికి నోరు అదుపులోనే ఉంది. రుద్దేటప్పుడు ఆవిడ చేతులు వణికినట్టే కనపడవు. గాడిలో పల్చటి రాతిపలకను వాల్చి నిలబెట్టి, కాస్త సిమెంటు పెట్టింది. గేమ్ వెనకవైపు గీసుకుపోకుండా సైకిలు ట్యూబు ముక్క అతికించింది. ఆ వాలు కంటితోనే చూసుకుంది. గోడకు బండలను ఎంత వాలులో ఆనిస్తుందో అంతే.

సిమెంటు ఆరాక గేమ్‌ను దాని మీద కూర్చోబెట్టింది. ఎదురుగా పీట వేసుకుని చూసింది. అద్దం తెల్లగా ఉంది. కోతి లేదు, మనిషి లేడు, టైము లేదు.

"సచ్చింది" అంది అత్తయ్య.

నేనూ అలాగే అనుకున్నాను. తడి రాయి మీద పెట్టి చంపేశావని నేను, పొద్దస్తమానం నొక్కి నొక్కి ప్రాణం తీశావని ఆవిడ, రెండు రోజులు పోట్లాడుకున్నాం. చివరకు దాన్ని రుమాల్లో చుట్టి గూట్లో పెట్టింది. మూడో రోజు మధ్యాహ్నం బాధ ఆపుకోలేక విప్పి, ఒళ్ళో పెట్టుకుని చూస్తే, నల్లగా నిక్షేపంలా ఉన్నాడు బుట్ట మనిషి. నిలబెడితే మాయం. వాలిస్తే ప్రత్యక్షం. ఆ అద్దం ఒక పక్కనుంచి చూస్తేనే కనపడే రకమని, దానికి బండల వాలు సరిపోదని అప్పుడు తెలిసింది.

"ఈ ఏబ్రాసోడు బతికే ఉండాడే!" అని అత్తయ్య అరిచిన అరుపుకు రోడ్డు మీద రిక్షా అతను ఆగాడు.

ఆ సిమెంటు ఊడగొట్టి, కింద రాతి పెంకులు ఒక్కొక్కటే పెడుతూ, తీస్తూ, మనిషి బాగా నల్లగా కనపడే వాలు పట్టుకుంది. ఇన్నేళ్ళు బండలతో కాపురం చేసి ఒక బొమ్మ దగ్గర వాలు తప్పానని సాయంత్రందాకా తనను తాను తిట్టుకుంది. మళ్ళీ సిమెంటు పెట్టాక చూస్తే, పలక ముందు బెత్తెడు చోటు ఉత్తినే మిగిలి ఉంది.

"ముందర ఇంత అరుగెందుకత్తా?"

"చేతులు కూచోటానికి" అంది, నా మొహం చూడకుండా.

మణికట్లు రెండూ ఆ రాతి అరుగు మీద ఆనించి, బొటనవేళ్ళు చాచి బొత్తాల మీద పెట్టింది. ఆట మొదలైంది. చేతులు కదల్లేదు. కోతి విసిరిన మొదటి కాయ బుట్టలో పడింది. రెండోది పడింది. "ఉరుకురా, ఎడమకి ఉరుకు, సచ్చినోడా, నీకు కూలి దండగ!" అని బుట్ట మనిషిని ముఠావాళ్ళను తిట్టినట్టే తిడుతూ, కళ్ళు పెద్దవి చేసుకుని ఆడింది. అంతసేపు ఆవిడ చేతులు అందరికీ కనపడేలా బయట ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. వారం తిరిగేసరికి నన్ను దాటేసింది. నేను అలిగితే బెల్లంముక్క పెట్టి మళ్ళీ ఆటకు కూర్చోబెట్టేది. ఆ పది, పదిహేను రోజులు నా జీవితంలో చాలా మంచి రోజులు. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే నోరు దగ్గర పెట్టుకునేదాన్ని.

అత్తయ్య మరిదిని నేను చినమామయ్య అనేదాన్ని. ఒకరోజు ఆవిడ లేని సమయంలో వచ్చి, స్టాండు చేతిలోకి తీసుకుని, "ఇదేందిరా, ఇంత బరువుంది?" అన్నాడు. నాకు గొప్ప చెప్పుకోవాలనిపించింది. అత్తయ్య ఎలా చేసిందో, వాలు ఎలా పట్టుకుందో అంతా చెప్పాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "చేతులు వణికినా దీని మీద పెట్టుకుని నన్ను ఓడిస్తది మామయ్యా" అన్నాను.

"వణుకుతాయా?" అన్నాడు.

"ఎప్పటినుంచో. అందుకే టేపు పట్టుకోదు."

ఆయన స్టాండు జాగ్రత్తగా కింద పెట్టి, నా తల నిమిరి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత చినమామయ్య ఒక కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. కల్యాణమండపం కడుతున్నారట, చాలా బండలు కావాలి. వాళ్ళతో పాటు పక్క కొట్ల వాళ్ళు ఇద్దరు ఊరికే చూడటానికి వచ్చినట్టు వచ్చి నిలబడ్డారు. అత్తయ్య ఎప్పటిలాగే టేపు తెచ్చి కాంట్రాక్టరుకు ఇవ్వబోయింది. చినమామయ్య అడ్డం వచ్చాడు.

"ఇది పెద్ద పని వదినా. వాళ్ళు కొలిస్తే కుదరదంట. అమ్మేవాళ్ళే కొలిచి చెప్పాల. నువ్వు కొలువు" అని, గొంతు తగ్గించి, కానీ అందరికీ వినపడేలాగే, "నీకు ఇబ్బందిగా ఉంటే చెప్పు. చేయి కదిలే మనిషి టేపు పడితే కొట్టు పేరు పోయిద్ది. రేపటినుంచి నేనొచ్చి కూచుంటా, నువ్వు ఇంటిపట్టున ఉండు" అన్నాడు.

అత్తయ్య నా వైపు చూసింది. ఒక్క క్షణం. ఆ చూపు ఇప్పటికీ నేను మోస్తున్నాను. అందులో కోపం ఉన్నా బాగుండేది. బండను కొట్టి చూసినప్పుడు బొంగురుగా పలికితే ఎలా చూసేదో అలా చూసింది. ఈ కొట్టు పోతే ఆవిడకు ఏమీ లేదు. మరిది ఇంట్లో ఒక మూల పడుండాలి. అది నా నోటి వల్ల.

ఆవిడ టేపు కింద పెట్టి, చంకల్లోనుంచి రెండు చేతులూ తీసి, ముందుకు చాపింది. ఎండలో, అందరి ఎదురుగా. వేళ్ళు కొసల దాకా వణుకుతున్నాయి.

"సూడండి. బాగా సూడండి. ఏడేళ్ళ నుంచి ఇట్టాగే ఉండయ్. దాసిపెట్టుకున్నా. టేపు మీ చేతికి ఇచ్చింది ధర్మం అని కాదయ్యా, సిగ్గని."

ముఠా మేస్త్రి తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమే, ఆ స్టాండు తే" అంది నాతో.

పరుగెత్తుకెళ్ళి తెచ్చాను. గేమ్ తీసి నా చేతిలో పెట్టి, ఆ స్టాండును బండల వరస పైన, అంచుల మీద కూర్చోబెట్టింది. ముఠా మేస్త్రి అటు చివర టేపు కొన పట్టుకున్నాడు. ఇటు టేపు డబ్బీ పట్టుకున్న చేతిని ఆవిడ రాతి అరుగు మీద ఆనించింది. రెండో చేత్తో టేపును స్టాండు పలకకు అదిమింది. టేపు గీత గీసినట్టు నిలబడింది. కొలత చదివింది. కాంట్రాక్టరు వంగి చూసి తల ఊపాడు. తర్వాత బండ. స్టాండు జరిపింది. మళ్ళీ ఆనించింది. అలా మధ్యాహ్నందాకా, ఒక్కొక్కటే. పది బండలయ్యాక కాంట్రాక్టరు చూడటం మానేసి నీడన కూర్చుని రాసుకోసాగాడు. చినమామయ్య మాత్రం ప్రతి బండకూ వంగి చూశాడు. ఒక్కచోట కూడా తప్పు దొరకలేదు.

"ఇంతకీ ఆ రాయేందమ్మా?" అన్నాడు కాంట్రాక్టరు చివర్లో.

"మా పిల్ల ఆడుకునే బొమ్మకి చేశా. నా చెయ్యి కదిలినా రాయి కదలదు గదయ్యా. కొలత రాయి మీద ఉంది, చూసుకున్నావు గదా."

టీ వచ్చింది. కుర్రాడు అలవాటుగా సగం పోసి ఆపాడు. "నిండా పొయ్యరా" అంది అత్తయ్య. గ్లాసు నిండా పోయించుకుని రెండు చేతులతో ఎత్తింది. టీ వేళ్ళ మీదుగా ఒలికి, చీర మీద పడింది. తుడుచుకోలేదు. మరిది మొహంలోకి చూస్తూ మిగిలినదంతా తాగింది. చినమామయ్య తన గ్లాసు ముట్టుకోకుండా లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

నన్ను క్షమించిందనుకుంటే పొరపాటు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను ఏడుస్తూ బక్కెట్లతో నీళ్ళు మోసి, అడగకుండానే బండలన్నీ తడిపాను. మూడో రోజు స్టాండు ముందు కూర్చుని, "రా, ఆడదాం" అంది. ఒక ఆట అయ్యాక, చేతులు రాతి మీదే ఉంచి, "నువ్వు చెప్పిన మాట నిజమే. కానీ అది నేను చెప్పాల్సిన మాట" అంది. అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు.

సెలవులయ్యాక గేమ్ నాకిచ్చి పంపింది. స్టాండు అడిగితే, "అది నాది" అంది. పేటలో ఆ చిన్న బ్యాటరీలు దొరక్క గేమ్ కొన్నాళ్ళకు ఆగిపోయింది, తర్వాత ఏమైపోయిందో కూడా తెలియదు. స్టాండుతో అత్తయ్య ఇంకా చాలా ఏళ్ళు బండలు కొలిచింది. ఆవిడ కొట్టులో కొలత రాతి మీద ఉంటుందని పేరు పడిపోయింది. నా పెళ్ళి రిజిస్టరులో సాక్షి దగ్గర పెద్ద పెద్ద వంకర అక్షరాలతో ఆవిడ సంతకం ఉంది. స్టాండు మోసుకొచ్చి మరీ పెట్టింది.

ఆవిడ పోయినప్పుడు నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పదిరోజుల తర్వాత చినమామయ్యే మా ఇంటికి వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. గోనెసంచీలోంచి స్టాండు తీసి, "వదినె నీకియ్యమంది" అన్నాడు. కాసేపు కూర్చుని, "ఆరోజు నేను అట్టా చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, నా గురించి.

ఇంత చెప్పాక అసలు సిగ్గుపడాల్సిన సంగతి దాచుకోవడమెందుకు? ఆ స్టాండును నేను వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టాను. ఇన్నేళ్ళూ అది అక్కడే ఉంది. బ్యాంకునుంచి వచ్చిన ఆ సాయంత్రం తీసి కడిగాను. దుమ్ము పోయాక ముందరి అరుగు మీద రెండుచోట్ల మిగతా రాయి కంటే నల్లగా, నున్నగా మెరిసింది. ఏళ్ళ తరబడి ఆవిడ మణికట్ల చెమటా నూనే పట్టిన మెరుపు. నా చేతులు తీసి అక్కడ పెట్టాను. సరిగ్గా సరిపోయాయి. మా అత్తయ్య మీద బెంగ పెట్టుకుని, వంటింట్లో నేల మీద కూర్చుని, చాలాసేపు ఏడ్చాను.

మర్నాడు దాన్ని కూరగాయల సంచీలో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళాను. భుజం లాగేసింది. అదే అమ్మాయి. నేను సంచీలోంచి రాయి తీసి కౌంటరు మీద పెట్టగానే సెక్యూరిటీ అతను రెండడుగులు ముందుకు వచ్చాడు.

"నా చేతులు వణుకుతాయమ్మా. ఏడాదిగా" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక లైనులో మా స్కూలు పిల్లల తల్లిదండ్రులు ఇద్దరు ఉన్నారు. విన్నారు.

కాగితం పలక మీద వాల్చి, మణికట్టు అరుగు మీద ఆనించి, సంతకం పెట్టాను. ఒక్కచోట సున్నా కొంచెం వంకర పోయింది. ఆ అమ్మాయి కంప్యూటరు వైపూ కాగితం వైపూ చూసి, "సరిపోయింది మేడమ్" అని నవ్వింది. రాతిని వేలితో తాకి చూస్తూ, "ఏంటండీ ఇది?" అని అడిగింది.

"వీడియో గేమ్ స్టాండు."

ఆ పిల్ల వంగి స్టాండును ఇటునుంచీ అటునుంచీ చూసింది. ఇంతలో అటెండరు ఫ్లాస్కు పట్టుకుని టీ పోస్తూ వచ్చాడు. "మేడమ్‌కి కూడా ఇవ్వు" అంది ఆ అమ్మాయి. అతను గ్లాసు సగం దాకా పోసి నా వైపు జరపబోయాడు.

"ఆపుతావేం బాబూ?" అన్నాను. "నిండా పొయ్యి."